అమోనియా ప్లాంట్‌కి సేఫ్టీ రిపోర్ట్ రాసినవాళ్లు ఉన్నారా?

నమస్తే అండి. మాది సింగరాయకొండ దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్. ప్లేట్ ఫ్రీజర్లు, కోల్డ్ స్టోరేజీ అన్నీ అమోనియా మీదే నడుస్తాయి. సేఫ్టీ రిపోర్ట్ పని నా నెత్తిన పడింది. కన్సల్టెంట్ ఇచ్చిన డ్రాఫ్ట్ ఏదో ఎరువుల ఫ్యాక్టరీది. అందులో యూరియా గోడౌన్ కూడా ఉంది!

1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనల్లో 10వది సేఫ్టీ రిపోర్ట్, 13వది ఆన్‌సైట్ ఎమర్జెన్సీ ప్లాన్ అని చదివాను. మా నిల్వకి అది తప్పనిసరా కాదా అన్నది వేరే సంగతి, బయ్యర్ మాత్రం అడుగుతున్నాడు.

నా బెంగంతా పీలింగ్ హాల్ గురించే. రొయ్యలు వలిచే ఆడవాళ్లు గమ్‌బూట్లతో తడి నేల మీద ఉంటారు. బయటికి రావాలంటే కంప్రెసర్ రూమ్ పక్క సందే దారి. రెండో తలుపుంది గానీ, దానికి అడ్డంగా ఎప్పుడూ క్రేట్లే. కంప్రెసర్ రూమేమో హాలుకి తూర్పున. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగిందంటే గ్యాస్ నేరుగా హాలు మీదికే. అమోనియా గాలికన్నా తేలికే, కానీ ద్రవం లీకైతే చల్లటి మంచులా నేలబారున పాకుతుంది కదా. మా సెన్సర్లన్నీ పైకప్పుకే ఉన్నాయి, కింద కూడా పెట్టాలా?

ఇంకోటి, పెద్ద ప్రమాదంగా రిసీవర్ (ద్రవ అమోనియా నిల్వ ఉండే ట్యాంకు) పైపు తెగడాన్ని చూపించాలా, లేక ఆయిల్ డ్రెయిన్ చేసేటప్పటి (అమోనియా లైన్లలో చేరిన కంప్రెసర్ ఆయిల్‌ని బయటికి తీసేటప్పటి) లీకునా? ఆ పని రాత్రిపూట ఆపరేటర్ ఒక్కడే చేస్తాడు, నాకైతే అదే ఎక్కువ భయం. అసెంబ్లీ పాయింట్ (ప్రమాదమప్పుడు అందరూ వచ్చి చేరే చోటు) గాలిని బట్టి రెండు చోట్ల పెట్టినవాళ్లుంటే ఎలా చేశారో చెప్పండి.