ఆల్కెమీ అనే మాట ఎక్కడిది? మన రసవాదం, ఉర్దూ కీమియా రెండూ అదేనా?

మలక్‌పేట్_డిగ్రీ:
అందరికీ నమస్తే. డిగ్రీ కెమిస్ట్రీ రెండో సంవత్సరం చదువుతున్నా. మామూలు లోహాన్ని బంగారం చేయాలని చూసిన పాత విద్యే ఆల్కెమీ కదా, ఆ మాటకి ‘నల్లమట్టి దేశం విద్య’, అంటే ఈజిప్టు విద్య అని అర్థమని మా సార్ క్లాసులో చెప్పారు. నా రూమ్‌మేట్‌ది యాకుత్‌పురా, వాళ్లింట్లో పెద్దవాళ్లు కెమిస్ట్రీని ఇప్పటికీ కీమియా అనే అంటారు కాబట్టి అది అరబ్బీ మాటేనని వాడు పట్టుబడుతున్నాడు. నెట్‌లో చూస్తే గ్రీకు అని ఉంది. ఇంతకీ ఏది నిజం? తెలుగులో రసవాదం అంటాం కదా, అందులో ‘రసం’ ఏమిటి? సెమినార్‌కి ఈ టాపిక్ ఇచ్చేశా, ఇప్పుడు టెన్షన్‌గా ఉంది.

నాంపల్లి_పాఠకుడు:
తమ్ముడూ, మీ ముగ్గురి మాటలోనూ నిజం ఉంది. ఇంగ్లీషు ఆల్కెమీ లాటిన్ ‘ఆల్కిమియా’ నుంచి, అది అరబ్బీ ‘అల్-కీమియా’ నుంచి వచ్చింది. ‘అల్’ అనేది అరబ్బీలో నామవాచకం ముందు చేర్చేది. ఆల్జీబ్రా, ఆల్కలీ, ఆల్కహాల్ మొదట్లో ఉన్నదీ అదే. ఆల్కహాల్ అసలు రూపం ‘అల్-కుహ్ల్’, అంటే పాతబస్తీలో కళ్లకు పెట్టుకునే సుర్మా. మెత్తటి పొడికి వాడిన మాట తర్వాత తర్వాత ఆవిరి చేసి చల్లార్చి తీసిన సారానికి, చివరికి మద్యానికి వచ్చి చేరింది. 12వ శతాబ్దంలో అరబ్బీ గ్రంథాలు లాటిన్‌లోకి వెళ్లాయి, ఆల్కెమీ మీద రాబర్ట్ ఆఫ్ చెస్టర్ అనే ఇంగ్లీషు పండితుడు 1144లో చేసిన అనువాదం వాటిలో తొలినాటిది.

అరబ్బులు ఈ మాటను గ్రీకు నుంచి తీసుకున్నారు. అసలు తగాదా అక్కడే ఉంది. గ్రీకులో దీన్ని ఖేమియా అనీ రాశారు, ఖుమియా అనీ రాశారు. మొదటిది పట్టుకున్నవాళ్లు ఈజిప్టు అంటారు. నైలు వరద వదిలిన నల్లమట్టి వల్ల ఈజిప్షియన్లు తమ దేశాన్ని ‘కెమెట్’ అనేవారు, ప్లూటార్క్ అనే పాతకాలపు గ్రీకు రచయిత కూడా ఆ దేశాన్ని ‘ఖేమియా’ అంటారని రాశాడు. రెండోది పట్టుకున్నవాళ్లు ‘ఖుమా’ చూపిస్తారు, అంటే కరిగించి పోసిన లోహం. నా మొగ్గు దీనివైపే. ఈజిప్టులోని థీబ్స్‌లో దొరికిన లైడెన్ పపైరస్ అనే పాత రాతప్రతి చూడు, సుమారు క్రీ.శ. 3, 4 శతాబ్దాల నాటిది, దాని నిండా లోహాలు కరిగించడం, కలపడం, వాటికి బంగారం రంగు తెప్పించడం ఎలాగో ఉంటుంది. పని చేసేవాళ్లు తమ విద్యకు పనిని బట్టే పేరు పెట్టుకుంటారని నా నమ్మకం. కానీ పండితులు ఇప్పటికీ ఏకాభిప్రాయానికి రాలేదు కాబట్టి సెమినార్‌లో రెండూ చెప్పు.

మీ రూమ్‌మేట్ వాళ్ల మాటా కొట్టిపారేయకు. 1918లో ఉస్మానియా మొదలైంది ఉర్దూ మీడియంలోనే, సైన్సు పుస్తకాలు అనువదించడానికి ప్రత్యేకంగా దారుల్ తర్జుమా పెట్టారు. ఉర్దూలో చదివిన ఆ తరాలకి కెమిస్ట్రీ అంటే కీమియానే.

ఓరుగల్లు_పద్యం:
రసవాదం సంగతి నేను చెబుతా. ఇక్కడ రసం అంటే పాదరసం. మన రస గ్రంథాల్లో పాదరసం శివుడిది, గంధకం పార్వతిది. ‘రసార్ణవం’లో ఒక మాట ఉంది: లోహంలో ఎలాగో దేహంలోనూ అలాగే. అంటే పాదరసం రాగిని బంగారం చేయగలిగితే మనిషి ఒంటిని కూడా ముసలితనం రాకుండా నిలబెట్టగలదని వాళ్ల ఆశ. అందుకే దయచేసి రసవాదాన్ని ఆల్కెమీకి పెట్టిన తెలుగు పేరు అని మాత్రం చెప్పకండి, అది మన దగ్గర తన కాళ్ల మీద నిలబడిన వేరే సంప్రదాయం.

మనవాళ్లకి పరుసవేది ఎంత ఇష్టమో చూడండి. అది స్పర్శవేది, తాకితే చాలు ఇనుము బంగారమయ్యే రాయి. కాకతీయ ప్రోలరాజు కాలంలో దారిన పోతున్న బండి చక్రం ఇనుప కట్టు ఏదో రాయికి తగిలి బంగారమైందనీ, తవ్వి చూస్తే శివలింగమనీ మా ఓరుగల్లు కథ. వేమనకూ బంగారం చేసే విద్య తెలుసని కథలు చెబుతారు. ఇవి చరిత్ర కాదు, కానీ బంగారం మీద జనానికున్న ఆశ ఎంతటిదో ఇంతకంటే బాగా ఏ చరిత్ర పుస్తకం చెప్పలేదు.

చార్‌కమాన్_కుంపటి:
మాది తరాలుగా కంసాలి పని. పాదరసంతో బంగారం వస్తుందని జనం ఎందుకు నమ్మారో మా పని చూస్తే అర్థమవుతుంది. బంగారాన్ని పాదరసంలో వేస్తే అది దాన్ని తినేసి తెల్లటి వెన్నలా తయారవుతుంది, పసుపు రంగు మచ్చుకు కూడా కనిపించదు. ఆ ముద్దను శుభ్రం చేసిన రాగి మీద రుద్ది నిప్పు చూపిస్తే పాదరసం ఆవిరైపోయి రాగి మీద బంగారం తేలుతుంది. పాతకాలంలో మొలాం వేసింది ఇలాగే. పక్కన నిలబడి చూసినవాడికి రాగి బంగారమైనట్టే ఉంటుంది కదా! ప్రాజెక్టు అని చెప్పి ఎవరూ ఇంట్లో చేయకండి, ఆ ఆవిరి విషం, మెదడునీ నరాలనీ పాడు చేస్తుంది. పాదరసం దగ్గర వేలికి ఉంగరం కూడా ఉంచుకోవద్దు.

మలక్‌పేట్_డిగ్రీ:
చాలా థ్యాంక్స్ అన్నా, అందరికీ. మరి ‘అల్’ పోయి కెమిస్ట్రీ ఎప్పుడైంది?

నాంపల్లి_పాఠకుడు:
16వ శతాబ్దంలో అగ్రికోలా అనే జర్మన్ పండితుడు, గనుల మీద పెద్ద పుస్తకం రాసినాయన, గ్రీకు రూపానికి దగ్గరగా ఉండాలని ‘అల్’ తీసేసి రాశాడు. అలాగని ఆ రోజే రెండూ వేరైపోలేదు. 17వ శతాబ్దంలో కూడా ఒకే మనిషి రెండూ చేసేవాడు. 1661లో ‘స్కెప్టికల్ కిమిస్ట్’ రాసిన రాబర్ట్ బాయిల్ బంగారం చేయవచ్చని నమ్మాడు, న్యూటన్ ఆల్కెమీ మీద లక్షల మాటలు రాసి పెట్టుకున్నాడు. బంగారం చేసే పనికి ఆల్కెమీ, మిగతాదానికి కెమిస్ట్రీ అని గట్టిగా విడదీసింది 18వ శతాబ్దం మొదట్లో. మీ సార్ ప్రశ్నలు అడిగేది ఇక్కడే అయ్యుంటుంది, ఈ భాగం బాగా చదువుకుని వెళ్లు.