ఈ వారం సమస్య: "మధువు పోసెను సేనాని మందికెల్ల"

నిర్వాహకుడు: తేటగీతి పాదం ఇచ్చాను. పూరణ పోలండ్ సేనాని స్టానిస్లావ్ మాచెక్ (1892–1994) మీదే ఉండాలి. సేనాని అనగానే కుమారస్వామిని పట్టుకొచ్చిన ఇద్దరు మిత్రుల పద్యాలు పక్కన పెట్టాను, ఏమీ అనుకోకండి.

రెండో ప్రపంచ యుద్ధంలో మాచెక్ పోలండ్ ఒకటో ట్యాంకుల డివిజన్‌ను నడిపాడు. 1944 అక్టోబరులో నెదర్లాండ్స్‌లోని బ్రేడాను, ఊరు నేలమట్టం కాకుండా, జర్మన్ల నుంచి విడిపించాడు. అక్కడి జనం కిటికీల్లో పోలిష్ భాషలో కృతజ్ఞతలు రాసి పెట్టారు. 1946లో పోలండ్ కమ్యూనిస్టు ప్రభుత్వం ఆయన పౌరసత్వం లాగేసుకుంది. యుద్ధం తర్వాత ఆయన ఉండిపోయిన బ్రిటన్, జనరల్‌కివ్వాల్సిన పింఛను ఇవ్వలేదు. దాంతో ఎడిన్‌బరాలో ఒక హోటల్ బార్‌లో పనికి కుదిరాడు.

తెనాలి మాస్టారు:
తే.గీ.
బ్రేడ నగరము విడిపించి పేరుఁ గొనియుఁ
బింఛనును లేక దేశమ్ము పిలువకున్న
ఎడినబరలోన పొట్టకై యెన్ని యేండ్లొ
మధువు పోసెను సేనాని మందికెల్ల

నిర్వాహకుడు: ధార బాగుంది మాస్టారూ. ఎడిన్‌బరాను సాగదీసినా చెవికి ఇబ్బందిగా లేదు. కానీ "పిలువకున్న" మరీ మెత్తగా లేదూ? దేశం పిలవకపోవడం కాదు, పొమ్మంది.

తెనాలి మాస్టారు: నిజమే. పింఛను ఎగ్గొట్టింది ఒక దేశం, వెలేసింది ఇంకో దేశం. రెంటినీ ఒకే పాదంలో ఇరికించబోయి పలచబడింది. అయినా మార్చను, "పిలువకున్న"లో ఎదురుచూపు ఉంది.

సిద్దిపేట సభ్యురాలు:
తే.గీ.
కొండ మీదను సేనకు గుండెనిచ్చి
ఫలెజు దారిని మూసిన బలుఁడె పిదప
పౌరసత్వము రద్దైన బంటువోలె
మధువు పోసెను సేనాని మందికెల్ల

నిర్వాహకుడు: ఫలేజ్‌ను పట్టుకున్నావు, శభాష్ అమ్మా. అక్కడ చిక్కుకున్న జర్మన్ సేన తప్పించుకునే దారికి పైనే ఆ కొండ. 1944 ఆగస్టులో, ఫ్రాన్స్‌లోని నార్మండీలో, దాన్ని పోలిష్ దళాలు ఎక్కి, చుట్టూ జర్మన్లు ముట్టడించినా, కెనడా సేన చేరేదాకా దిగలేదు. "గుండెనిచ్చి" సరిగ్గా పడింది, ఎందుకంటే కొండ మీద ఉన్నది ఆయన సైనికులు. మూడో పాదంలో "వోలె"తోనే పేచీ. ఆయన పౌరసత్వం నిజంగానే రద్దయింది కదా, మళ్ళీ ఉపమ ఎందుకు?

సిద్దిపేట సభ్యురాలు: యతి కోసం "బంటు" తెచ్చుకున్నాను సార్. "పౌరసత్వము రద్దైన బాధ నణచి" అంటే?

తెనాలి మాస్టారు: అలాగే ఉంచమ్మాయీ. నా పద్యం కన్నా నీదే బరువుగా ఉంది, నాకు కొంచెం కుళ్ళుగా కూడా ఉంది.

నిర్వాహకుడు: ఇద్దరూ వదిలేసింది ఒకటుంది. 102 ఏళ్ళు బతికిన మనిషిని బ్రేడాలోనే, తన సైనికుల సమాధుల మధ్య ఖననం చేశారు. అది తేటగీతిలో ఇమడదు. ఇంకా పెద్దదైన సీస పద్యం ఎత్తుకునేవాళ్ళకు రేపు సాయంత్రం దాకా గడువు. సీసం చివర వచ్చే ఎత్తుగీతిలో ఆఖరి పాదం మాత్రం ఈ సమస్యే.