అమ్మకు చూపించడానికి పాత సినిమాలు చెప్తారా?

మాది అనంతపురం. మోకాలి ఆపరేషన్ అయ్యి అమ్మ నెల రోజులుగా మంచం మీదే ఉంది. రాత్రి అన్నం తిన్నాక ఇద్దరం టీవీలో ఏదో ఒక పాత సినిమా చూస్తున్నాం. మొన్న ‘మాయాబజార్’ (1957) రంగుల్లో పెట్టాను. బాగుంది గానీ, నాకైతే ఆ వెన్నెల నలుపు తెలుపులోనే ఇంకా అందంగా ఉంటుంది. దర్శకుడు కె.వి.రెడ్డిది మన తాడిపత్రి వైపే అంటే అమ్మ ఎంత మురిసిపోయిందో! ‘మల్లీశ్వరి’ (1951) మాత్రం సగంలో ఆపేశాం. నాకు దొరికిన ప్రింటులో మాటలు గరగరమంటున్నాయి, అమ్మకేమో వినికిడి తక్కువ. మాటలు శుభ్రంగా వినిపించే ప్రింటు ఎక్కడైనా ఉందా? ఇంకా ఏ సినిమాలు చూపించమంటారు? ఏడిపించేవి మాత్రం వద్దండీ, నాన్న పోయి ఏడాది కూడా కాలేదు.