గుడ్ ఫ్రైడే ఆరాధనలోనే పునరుత్థానం చెప్పేయాలా?

ఆరవ గంట: అందరికీ వందనాలు. శుక్రవారం, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ధ్యానం ఎంతో భారంగా సాగుతుంది. ఏడో మాట అవగానే ప్రసంగీకులు "కానీ మన ప్రభువు లేచాడు, హల్లెలూయ" అనేస్తారు, చప్పట్లు మొదలవుతాయి. నాకు ఇది సరిగా అనిపించదు. ఆరవ గంట నుంచి తొమ్మిదో గంట దాకా, అంటే మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా, చీకటి కమ్మిందని మత్తయి, మార్కు, లూకా ముగ్గురూ రాశారు. ఆ చీకటి దగ్గర మనం ఒక్క పూట నిలబడలేమా?

ఖాళీ సమాధి: నిలబడక్కర్లేదు సిస్టర్. క్రీస్తు లేపబడకపోతే మన విశ్వాసం వ్యర్థమని 1 కొరింథీ 15:17. అదే అధ్యాయంలో పౌలు మరణం, సమాధి, పునరుత్థానం మూడూ కలిపే చెప్పాడు. మనం విడదీయడం దేనికి? ఆ శుక్రవారమే మొదటిసారి వచ్చినవాడు సగం సువార్త విని వెళ్లిపోవాలా?

నెమ్మది: మూడు గంటలు కూర్చోలేని పెద్దవాళ్లు ఉంటారు. ఏది చెప్పినా వాళ్లను గుర్తుపెట్టుకుని చెప్పండి.

బెరయ విద్యార్థి: అసలు ఏడు మాటలు ఒకే వరుసలో ఏ సువార్తలోనూ లేవు. మత్తయి, మార్కు ఇద్దరూ రాసింది ఒకే మాట, లూకాలో మూడు, యోహానులో మూడు. వీటి మీద మూడు గంటల ధ్యానం 17వ శతాబ్దంలో పేరూలోని లీమాలో జెస్యూట్ అనే కాథలిక్ సభ గురువులు మొదలుపెట్టారు. ముందు ఈ ఆచారం ఉండాలా వద్దా తేల్చండి.

ఆరవ గంట: బ్రదర్, నేను అడిగింది అది కాదు. లీమా కంటే చాలా ముందే, 4వ శతాబ్దంలో, ఎగేరియా అనే యాత్రికురాలు యెరూషలేములో తను చూసింది రాసింది. ఆరు నుంచి తొమ్మిదో గంట వరకు యేసు శ్రమల వాక్యాలు చదువుతుంటే పెద్దా చిన్నా అందరూ ఏడ్చారట. తర్వాత పునరుత్థాన స్థలానికే వెళ్లారు. అక్కడ కూడా ఆ రోజు చదివింది అరిమతయి యోసేపు యేసు దేహాన్ని అడిగి సమాధిలో ఉంచిన భాగమే. ప్రభువు లేచాడని వాళ్లకు తెలియకనా?

బెరయ విద్యార్థి: ఎగేరియా రాసింది లేఖనం కాదు. పైగా యేసు భూగర్భంలో మూడు పగళ్లు, మూడు రాత్రులు ఉంటాడని మత్తయి 12:40లో ఉంది. శుక్రవారం నుంచి ఆదివారానికి ఎలా సరిపోతుందో ఎవరైనా చెప్పండి.

ఖాళీ సమాధి: ఏడుపు ఆరాధన కాదు సిస్టర్. ప్రభువు సిలువ మీద పలికిన 22వ కీర్తన కూడా స్తుతితోనే ముగుస్తుంది. నా చిన్నప్పుడు మా సంఘంలో గుడ్ ఫ్రైడే అంటే పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టి "ఆ మేకులు కొట్టింది నీ పాపాలే" అని గద్దించేవారు. రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. నువ్వు క్షమించబడ్డావని ఒక్కరూ చెప్పలేదు. మీరు కోరేది మళ్లీ అదే.

ఆరవ గంట: నేను కోరేది అదే అని మీరెలా అంటారు? మా అబ్బాయి చనిపోయిన రోజు సమాధి దగ్గర నన్ను ఏడవనివ్వలేదు. "విశ్వాసులు ఏడవకూడదు, విజయగీతం పాడండి" అన్నారు. 1 థెస్సలొనీకయ 4:13 చూపించారు. నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడొద్దని ఉంది అందులో, అసలు దుఃఖమే వద్దని కాదు. చనిపోయిన లాజరును లేపబోతూ కూడా యేసు కన్నీళ్లు విడిచాడు. ఏడాదిలో ఆ ఒక్క రోజైనా సంఘమంతా నాతోపాటు సమాధి దగ్గర నిలబడాలని అడుగుతున్నాను. దాన్ని కూడా చప్పట్లతో లాక్కోకండి.

గలిలయ స్త్రీ: దేవుడు మిమ్మల్ని ఆదరించును గాక సిస్టర్. ఇద్దరికీ ఒక మాట. బ్రదర్ భయపడేది నేరం మోపే శుక్రవారానికి. సిస్టర్ అడిగేది దుఃఖానికి చోటిచ్చే శుక్రవారం. ఈ రెండింటినీ కలిపేసి వాదించుకుంటున్నారు.

ఖాళీ సమాధి: సిస్టర్, మీ విషయం తెలిసి చాలా బాధేసింది. మిమ్మల్ని ఏడవొద్దన్నవాళ్ల వైపు నేను లేను. కానీ క్షమాపణ మాట లేకుండా ఆ ఆరాధన ముగియకూడదు. ఈ ఒక్కటీ నేను వదలను.

ఆరవ గంట: వదలమని ఎవరన్నారు? సిలువ మీదున్న దొంగకు క్షమాపణ ఆ శుక్రవారమే దొరికింది, ఆదివారం దాకా ఆగాల్సిన పని పడలేదు. "తండ్రీ, వీరిని క్షమించుము" అన్నదీ అక్కడే. ఆ రెండూ గట్టిగా చెప్పి, అక్కడితో ముగించి, అందరినీ మౌనంగా ఇంటికి పంపండి.

ఖాళీ సమాధి: పిల్లలకు ఆ రెండు మాటలే ముందు చెప్తామంటే మౌనానికి సరే. కానీ కొత్తగా వచ్చినవాడి సంగతి మీరు ఇంకా చెప్పలేదు. వాడిని ఆదివారం దాకా ఎవరు పట్టించుకుంటారు?