జాంగోలో పాత జాయిన్ టేబుల్: ఐడి కాలమ్ లేదంటోంది

ప్రశ్న:
పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ముందునుంచీ ఉన్న టేబుళ్లకి జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) 5.1 మోడల్స్ (టేబుళ్లని సూచించే క్లాసులు) రాస్తున్నాను. విద్యార్థులకీ కోర్సులకీ మధ్య జాయిన్ టేబుల్‌లో మూడే కాలమ్‌లు: విద్యార్థి నంబరు, కోర్సు కోడ్, చేరిన తేదీ. మొదటి రెండూ కలిపి ప్రైమరీ కీ (ప్రతి వరుసనీ విడిగా గుర్తించేది). మోడల్‌కి మేనేజ్డ్ ఫాల్స్ పెట్టి, మెనీ టు మెనీ ఫీల్డ్‌కి త్రూగా (రెంటినీ కలిపే మధ్య మోడల్‌గా) ఇచ్చాను. విద్యార్థి కోర్సుల జాబితా బాగానే వస్తోంది. త్రూ మోడల్‌ని నేరుగా క్వెరీ చేస్తేనే ‘ఐడి కాలమ్ లేదు’ అంటోంది. విద్యార్థి టేబుల్‌ని చూపే ఫారిన్ కీకి ప్రైమరీ కీ ట్రూ ఇస్తే ఎర్రర్ పోయింది. ఇలా ఉంచేయొచ్చా?

జవాబు 1:
ఉంచకండి, డేటా పోతుంది. మోడల్‌లో ప్రైమరీ కీ చెప్పకపోతే జాంగో తనే ఐడి ఫీల్డ్ చేర్చుకుంటుంది. మేనేజ్డ్ ఫాల్స్ మైగ్రేషన్లని టేబుల్ జోలికి పోకుండా ఆపుతుందంతే, దీన్ని ఆపదు. జాబితాకి రెండు ఫారిన్ కీలు చాలు కాబట్టి అది పనిచేసింది.

ఇప్పుడు విద్యార్థి నంబరొక్కటే కీ అన్నారు. కొత్త ఆబ్జెక్ట్‌ మీద సేవ్ పిలిస్తే ముందు ఆ నంబరున్న వరుసలన్నిటికీ అప్‌డేట్ వెళ్తుంది, ఏదీ దొరక్కపోతేనే ఇన్సర్ట్. విద్యార్థికి ఇప్పటికే రెండు కోర్సులుంటే డూప్లికేట్ కీ ఎర్రర్‌తో ఆగిపోతుంది, అది నయం. ఒక్కటే ఉంటే పాత కోర్సు స్థానంలో కొత్తది కూర్చుంటుంది, చప్పుడే ఉండదు. ఒక ఆబ్జెక్ట్ డిలీట్ చేస్తే ఆ విద్యార్థి వరుసలన్నీ పోతాయి. క్రియేట్ మాత్రం నేరుగా ఇన్సర్ట్ చేస్తుంది. టెస్టులన్నీ క్రియేట్‌తో రాస్తే ఇది బయటపడదు.

జవాబు 2:
5.2కి మారండి (పైథాన్ 3.10 గానీ ఆపైది గానీ ఉండాలి). అందులో కాంపోజిట్ ప్రైమరీ కీ (ఒకటి కంటే ఎక్కువ కాలమ్‌లు కలిసిన కీ) ఉంది. పీకే అనే పేరుతో దాన్ని పెట్టి, రెండు ఫారిన్ కీల పేర్లూ చివర అండర్‌స్కోర్ ఐడి తగిలించి ఇవ్వండి. డేటాబేస్ కాలమ్ పేరు ఇక్కడ పనికిరాదు, అది ఫారిన్ కీలోని డీబీ కాలమ్ ఆప్షన్‌లోకి వెళ్లాలి. కోర్సు కోడ్ కోర్సు టేబుల్‌కి ప్రైమరీ కీ కాకపోతే ఫారిన్ కీలో టు ఫీల్డ్ కూడా కావాలి, ఆ కోడ్ యూనిక్ అయి ఉండాలి.

ప్రశ్న అడిగినవారు:
జాంగో అడ్మిన్‌లో (డేటా చూసి మార్చే రెడీమేడ్ పేజీల్లో) కూడా చూపించాలండీ.

జవాబు 2:
అయితే ఇది కుదరదు, కాంపోజిట్ కీ ఉన్న మోడల్‌ని 5.2 అడ్మిన్‌లో రిజిస్టర్ చేయలేం. వేరే మోడల్ నుంచి దానికి ఫారిన్ కీ కూడా పెట్టలేం. టేబుల్ మార్చే హక్కు మీకుంటే ముందు ఆ రెండు కాలమ్‌ల మీద యూనిక్ కన్‌స్ట్రెయింట్ పెట్టండి. తర్వాత పాత ప్రైమరీ కీ తీసేసి, బిగ్‌ఇంట్ ఐడెంటిటీ (డేటాబేస్ తనే నంబరు వేసే) ఐడిని ప్రైమరీ కీగా చేర్చండి. మోడల్‌లో బిగ్ ఆటో ఫీల్డ్ సరిపోతుంది. ఐడెంటిటీ కాలమ్ చేర్చేటప్పుడు పోస్ట్‌గ్రెస్ టేబుల్ మొత్తాన్నీ తిరగరాస్తుంది, అంతసేపూ చదవడం కూడా ఆగిపోతుంది. టేబుల్ పెద్దదైతే వాడకం లేని వేళ చూసుకోండి.