గ్రీకు దీవిలో రెండు మేకలు, తొమ్మిది కోళ్ళు, ఒక పెరడు: తమ్ముడికి ఏం చెప్పను?

గుణదల_కొండపక్క:
కొంచెం వింత ప్రశ్న. ఇక్కడ పెరటి తోటల వాళ్ళూ, జీవాలు మేపేవాళ్ళూ ఇద్దరూ ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. మా తమ్ముడు గ్రీసు అమ్మాయిని పెళ్ళి చేసుకుని కిందటేడు నాక్సోస్ దీవిలో వాళ్ళ అమ్మమ్మగారి ఊరికి మకాం మార్చాడు, ఉద్యోగం అంతా ల్యాప్‌టాప్‌లోనే. కొండవాలులో రాతి ఇల్లు, వెనకాల మెట్లు మెట్లుగా రాళ్ళు పేర్చిన నేల. ఆ పెద్దావిడకి మోకాళ్ళు పట్టేసి టౌన్లో కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ రెండు ఆడమేకలు, తొమ్మిది కోళ్ళు, ఇరవై దాకా ఆలివ్ చెట్లు వీడికి అప్పజెప్పింది. వీడేమో సింగ్‌నగర్ అపార్టుమెంట్లో పెరిగినవాడు, మేకని పలావులో తప్ప దగ్గర్నుంచి చూసెరగడు.

ఈమధ్య ఒక మేక రెండ్రోజులు ఒకటే అరుపట, మేత సరిగ్గా ముట్టలేదు, తోక ఆడిస్తూనే ఉంది, తర్వాత దానంతటదే మామూలైపోయింది. సరిగ్గా మూడు వారాలకి మళ్ళీ అదే వరస. వీడికి టెన్షన్, అత్తగారిని అడగాలంటే మొహమాటం.

ఇంకోటి మా అమ్మ. తెనాలి పక్క పల్లెలో గేదెల మధ్య పెరిగిన మనిషి. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళొచ్చి కింద వేసుకున్న మొక్కలన్నీ పోయినప్పటి నుంచి బెంగగానే ఉంది. మే నెలలో వెళ్ళి మూడు నెలలుండి వాడి పెరడంతా నేనే చేసిపెడతా అంటోంది. మిరప విత్తనాలు, గోంగూర విత్తనాలు, కరివేపాకు మొక్క, నెయ్యి డబ్బా ఇప్పట్నుంచే పక్కన పెట్టుకుంటోంది. మన పంటలు అక్కడ వస్తాయా అసలు?

తెనాలి_పాక:
మేకకి జబ్బూ గిబ్బూ ఏం లేదండీ, ఎదకొచ్చింది 😄 ఒకటి రెండు రోజులుంటుంది, పోతు దగ్గరికి తీసుకెళ్ళకపోతే మళ్ళీ మూడు వారాలకి ఇదే గోల. ఊళ్ళో పోతు ఎవరి దగ్గరుందో కనుక్కోమనండి. కట్టాక అయిదు నెలలకి ఈనుతుంది. ఈనకుండా పాలెక్కడివి, ఆ సంగతి మీ తమ్ముడికి తెలుసో లేదో కూడా అడగండి, మా బావమరిదికి తెలియదు.

కోళ్ళకి మాత్రం చీకటి పడకముందే తలుపు వేసెయ్యడం ఒక్కటి మర్చిపోవద్దనండి. తక్కినవి అవే చూసుకుంటాయి.

క్రీట్‌లో_నాలుగేళ్ళు:
నేను క్రీట్ దీవిలో హెరాక్లియన్‌లో చదువుకున్నా, రెండేళ్ళు ఊరి బయట పల్లెలో అద్దెకున్నా. నాక్సోస్ వేరే దీవే గానీ పద్ధతి దగ్గర దగ్గర ఒకటే.

ముందు అమ్మగారి సంచీ. విత్తనాలకీ మొక్కలకీ ఫైటోశానిటరీ సర్టిఫికెట్, అంటే తెగుళ్ళూ పురుగూ లేవని ఇచ్చే కాగితం, లేకుండా యూరప్‌లోకి రానివ్వరు, 2019 డిసెంబరు నుంచి ఇంకా గట్టిగా చూస్తున్నారు. పాలతో చేసినవి, మాంసంతో చేసినవి కూడా తేకూడదు కాబట్టి నెయ్యి డబ్బా ఇంట్లోనే దించేయండి. మిరప నారు అక్కడే దొరుకుతుంది, మన గుంటూరు ఘాటు ఉండదంతే.

అసలు విషయం నీళ్ళు. మనకి ఎండలు ముదిరాక వానలొస్తాయి, అక్కడ తిరగబడి ఉంటుంది: వానలు అక్టోబరు నుంచి మార్చి దాకా, మే నుంచి సెప్టెంబరు దాకా చినుకు పడడం గగనం. పైగా జులై, ఆగస్టుల్లో మెల్తెమి అని ఉత్తరపు గాలి, పట్టుకుందంటే రోజుల తరబడి వదలదు, టమాటా మొక్క నిలువునా వాలిపోతుంది. అందుకే మడికి ఉత్తరం వైపు రెల్లు దడి కడతారు. అమ్మగారు మేలో దిగి మన తొలకరి లెక్కన విత్తనం వేస్తే బిందెలు మోయలేక చస్తారు. బఠాణీ, క్యాబేజీ లాంటివి అక్కడ వాననీళ్ళతో చలికాలంలో పండిస్తారు. టమాటా, వంగ, బెండ వేసవివే, కానీ ఎన్ని నీళ్ళున్నాయో చూసుకుని అన్నే మొక్కలు పెడతారు. సాంటోరిని దీవిలో అయితే చిన్న టమాటాలు నీళ్ళు పెట్టకుండానే పండిస్తారు, అక్కడి అగ్నిపర్వతపు నేల రాత్రి తేమని పట్టి ఉంచుతుంది. ఆ కిటుకు అన్నిచోట్లా పనిచెయ్యదు.

అమ్మగారికి సంతోషం కలిగించే మాట ఒకటి చెప్తా. అక్కడ వ్లీతా అంటే మన తోటకూరే, గ్లిస్త్రీదా అంటే మన గంగపాయల కూరే. మనం కలుపని పీకి పారేసేది వాళ్ళు పెరుగులో కలుపుకుని తింటారు. మా పక్కింటావిడ గుమ్మం ముందు కుండీలో తులసి లాంటి మొక్క ఉండేది, వసిలికోస్ అంటారు, పొద్దున్నే నీళ్ళు పోసి దాని మీద చెయ్యి ఆడించి వాసన చూసేది. మొదటిసారి చూసినప్పుడు నాకు మా నాయనమ్మ గుర్తొచ్చి గొంతు పట్టేసింది.

మేకలకి ఆలివ్ కొమ్మలు కొట్టినప్పుడు వచ్చే ఆకు వేస్తారు. క్రీట్‌లో కరోబ్ కాయలు కూడా పెడతారు, మన వైపు తుమ్మకాయలు పెట్టినట్టే. చెవికి ట్యాగు, రిజిస్ట్రేషను తప్పనిసరి. 2024 జులైలో పీపీఆర్, అదే మన పారుడు రోగం, బయటపడి దేశమంతా మేకల్నీ గొర్రెల్నీ అటూ ఇటూ తోలకుండా ఆపేశారు. కాబట్టి పోతు దగ్గరికి తీసుకెళ్ళేముందు పశువుల డాక్టర్ని ఒకమాట అడగమనండి.

లాం_రోడ్డు:
ఇంత ఆలోచనెందుకు, ఒక బోరు వేయించి డ్రిప్ పెట్టుకుంటే అయిపోతుందిగా. మా చేలో మిర్చికి అదే.

క్రీట్‌లో_నాలుగేళ్ళు:
డ్రిప్ సరే, అందరూ వాడేదే. బోరు దగ్గరే వస్తుంది చిక్కు. దీవి చుట్టూ సముద్రమే కదా, ఎక్కువ తోడితే బావిలోకి ఉప్పు ఎక్కుతుంది, మన బాపట్ల తీరంలో చూళ్ళేదా. 2024 వేసవిలో నాక్సోస్‌లోనే రిజర్వాయర్ ఎండిపోయి, పల్లంలో బావులు ఉప్పుబారి బంగాళాదుంప రైతులు లబోదిబోమన్నారు. ఆ దుంపకి గ్రీసు అంతా పేరుంది, అయినా అంతే. పాత ఇళ్ళల్లో డాబా మీది వాననీళ్ళు పట్టే తొట్టి ఉంటుంది, స్తెర్నా అంటారు. మీ తమ్ముడింట్లో ఉండే ఉంటుంది, మూత తీసి చూడమనండి, అక్టోబరు లోపు కడిగించుకుంటే మంచిది.

తెనాలి_పాక:
ఇంకోటి అడుగుతా ఏమనుకోకండి. వాళ్ళిద్దరూ ఊరెళ్తే మేకల్ని ఎవరు చూస్తారు? పాలిచ్చే మేక ఉంటే పూటపూటకీ పితకాలి, పెళ్ళని, తిరుపతని మానెయ్యడానికి లేదు. మేం నాలుగేళ్ళుగా ఇద్దరం కలిసి ఏ శుభకార్యానికీ వెళ్ళలేదు, ఒకరు వెళ్తే ఒకరు ఉండాల్సిందే. ముందు పక్కింటి వాళ్ళతో మంచిగా ఉండి గుడ్లూ అవీ ఇస్తూ ఉండమనండి, కట్టించడం తర్వాత చూసుకోవచ్చు.

క్రీట్‌లో_నాలుగేళ్ళు:
ఇది నేను రాయాల్సింది, మర్చిపోయా. పైగా చలికాలంలో గాలి ముదిరితే ఓడలు ఆపేస్తారు. కోళ్ళ దాణా, మందులు వారం పది రోజులకి సరిపడా ఇంట్లో ఉండాలి. ఇంకోటి, ఈస్టర్‌కి మేకపిల్లని కోసి ఓవెన్లో పెట్టడం అక్కడ పెద్ద పండగ. పోతుపిల్ల పుడితే చుట్టాలు అడుగుతారు, అమ్మగారు అప్పుడక్కడే ఉంటే ముందే చెప్పి ఉంచండి.

గుణదల_కొండపక్క:
అందరికీ థాంక్స్. తమ్ముడికి ఫోన్ చేసి ఎద సంగతి చెప్తే ఫోన్ పెట్టేసి వాళ్ళావిడకి చెప్పాడట, ఆవిడ పగలబడి నవ్వి "మా అమ్మ మొదట్లోనే చెప్పింది, నీకు భాష అర్థం కాలేదు" అందట. పోతు రెండిళ్ళ అవతలే ఉంది. తొట్టి కూడా ఉంది, మూత మీద కట్టెలు పేర్చుకున్నారు, అందుకే కనపళ్ళేదు.

అమ్మ మే టికెట్ వద్దని ఫిబ్రవరికి చూడమంటోంది, వీసా ఎటూ తొంభై రోజులే కదా. నెయ్యి సంగతి చెప్పా. పచ్చడికి అభ్యంతరం ఉందేమో కనుక్కోమంది. ఆవకాయ ఎవరైనా తీసుకెళ్ళారా?