సెటిలింగ్ ట్యాంకులో బురద దిగడం లేదు, ఏం చేయాలి?

మాది ఏటి ఒడ్డున చిన్న ఊరు, మురుగునీటి ప్లాంటు నేనే చూసుకుంటాను. పది రోజులుగా సెటిలింగ్ ట్యాంకులో బురద అడుగుకు దిగడం లేదు, గోధుమరంగు తునకలు అంచు దాటి ఏట్లోకి పోతుంటే చూడలేకపోతున్నా, కింద రేవులో పిల్లలు ఈత కొడతారు. లీటరు జాడీలో పోసి అరగంట ఉంచినా 600 మిల్లీలీటర్ల దగ్గరే ఆగిపోతోంది, పైన నీళ్లు మాత్రం తేటగానే ఉన్నాయి. ఎంఎల్ఎస్ఎస్ (ఏరేషన్ ట్యాంకు నీళ్లలో కలిసి ఉండే బురద) లీటరుకు 3000 మిల్లీగ్రాములు, అంటే ఎస్‌వీఐ (ఒక గ్రాము బురద అరగంట దిగాక పట్టే చోటు) 200 మిల్లీలీటర్లు. గాలి కొట్టే ఒక బ్లోయర్ పాడైంది, ఏరేషన్ ట్యాంకులో కరిగిన ఆక్సిజన్ లీటరుకు 1 మిల్లీగ్రాము కూడా ఉండట్లేదు, 2 అయినా ఉండాలి కదా. దారాల్లాంటి బ్యాక్టీరియా పెరిగిందని నా అనుమానం. బ్లోయర్ బాగయ్యేదాకా, ట్యాంకులోకి తిరిగి పంపే బురదలో క్లోరిన్ కలపవచ్చా, కలిపితే ఎంత? ఎక్కువైతే మంచి బ్యాక్టీరియా కూడా చచ్చిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. చేసి చూసినవాళ్లు కాస్త చెప్పండి.